టాంజానియాలో వాలంటీరుగా ఉండగా ఊరు మారాల్సి వస్తే

మొదటిసారి వాలంటీరుగా పరాయి దేశం వెళ్ళినప్పుడు అందరూ మనల్ని చంటిపిల్లలా చూసుకుంటారు. ఎయిర్‌పోర్టులో పేరు రాసిన అట్ట పట్టుకుని ఒకరు నిలబడతారు. భాష నేర్పుతారు, ఏ నీళ్ళు తాగాలో చెబుతారు, దోమతెర చేతిలో పెడతారు. అదే దేశంలో ఏడాది గడిచాక వేరే ఊరికి మారమన్నప్పుడు ఎవరూ ఏమీ చెప్పరు. "మీకు అన్నీ తెలుసు కదా" అంటారు. తెలిసింది పాత ఊరు. కొత్త ఊళ్ళో మళ్ళీ ఓనమాలే.

నేను మొరొగోరోలో సెకండరీ స్కూల్లో లెక్కలు చెబుతూ పద్నాలుగు నెలలు ఉన్నాక, దక్షిణాన కొండల మీదున్న న్జోంబె ప్రాంతంలో ఒక పల్లెకి మార్చారు. అప్పుడు చేసిన తప్పులు, ఆ తర్వాత నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాను. టాంజానియాకి వచ్చే తెలుగువాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది, పక్క దేశాల్లో ఉన్నవాళ్ళకి కొంత.

1. ముందు కారణం కనుక్కోండి

ప్రాజెక్టు మూసేస్తున్నారా, ఇంటి సమస్యా, భద్రత సమస్యా, లేక మీ స్కూలుతో పడక మారుస్తున్నారా? కారణాన్ని ఉత్తరంలో రాయించుకోండి. కొత్త ఊళ్ళో హెడ్‌మాస్టరు మొదటి రోజే "అక్కడినుంచి ఎందుకు పంపేశారు?" అని అడుగుతారు. కాగితం ఉంటే ఒక్క ముక్కలో తేలిపోతుంది.

తేదీ దగ్గర మాత్రం గట్టిగా అడగండి. ఇక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మన పదో తరగతిలాంటి ఫారం ఫోర్ పరీక్షలు నవంబరులో ఉంటాయి. నన్ను అక్టోబరు చివర్లో పంపారు. పరీక్షలయ్యేదాకా ఆగుతానని ఒకసారి అడిగాను, కుదరదన్నారు, ఊరుకున్నాను. రెండోసారి అడిగి ఉండాల్సింది. త్రికోణమితి సగంలో వదిలేసిన ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

2. సామాను సర్దకముందే ఒక రాత్రి అక్కడ పడుకుని రండి

"ఇల్లు రెడీగా ఉంది" అన్న మాట నమ్మి నేను చూడకుండా వెళ్ళాను. ఇల్లు ఉంది. కిటికీలకి అద్దాలు లేవు. న్జోంబె సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకి దగ్గర్లో ఉంటుంది, మొరొగోరోలో ఫ్యాన్ కింద పడుకున్న మనిషిని అక్కడ మొదటి రాత్రి రెండు చీరలు, ఒక తువ్వాలు కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. జూన్, జూలైల్లో అయితే ఇంకా చలి.

అందుకే ఖర్చు మీదే అయినా సరే, ఒకసారి వెళ్ళి చూసి రండి. తలుపుకి లోపల గడియ, బయట తాళం ఉన్నాయా? నీళ్ళు ఎక్కడినుంచి, ఎండాకాలంలో కూడా వస్తాయా? మరుగుదొడ్డి ఎంతమందిది? చీకటిపడ్డాక ఇంటికి వచ్చే దారి ఎలా ఉంది? ఏ సిమ్‌కి సిగ్నల్ వస్తుంది? సిగ్నల్ సంగతి ఊళ్ళో కుర్రాళ్ళని అడగండి, ఆఫీసులో అడక్కండి. మీ ఫోనుకి సిగ్నల్ అందేది ఊరి చివర మామిడిచెట్టు కిందేనని చెప్పేది వాళ్ళే.

ఇల్లు మీరే వెతుక్కోవాల్సి వస్తే దలాలిని పట్టుకోవాలి. మన దళారే, పేరు కూడా దాదాపు అదే. మామూలుగా ఒక నెల అద్దె తీసుకుంటాడు. ఇంటివాళ్ళు ఆరు నెలలది, ఒక్కోసారి ఏడాదిది ముందే అడుగుతారు. మీరు ఎన్ని నెలలుంటారో మీకే తెలియనప్పుడు మూడు నెలలకి మించి ఇవ్వకండి, మాట్లాడితే దిగుతారు. కరెంటు మీటరు మీ ఒక్కరిదా, నలుగురిదా అన్నది తప్పకుండా చూడండి. ఇక్కడ కరెంటు లుకు పద్ధతి: ముందు డబ్బు కట్టి, ఫోనుకి వచ్చిన ఇరవై అంకెల నంబరు మీటర్లో కొడితేనే దీపం వెలుగుతుంది. నాలుగు కాపురాలకి ఒకే మీటరైతే, ఎవరి ఇస్త్రీ పెట్టె ఎన్ని యూనిట్లు తిన్నదన్న పంచాయతీ నెలనెలా ఉంటుంది.

3. పాత ఊళ్ళో లెక్కలు తేల్చుకోండి

ఇది చాలామంది దాటేస్తారు. టాంజానియా పెద్ద దేశమే, కానీ మాట త్వరగా ప్రయాణిస్తుంది. మొరొగోరోలో కూరగాయల మామ (ఇక్కడ మామ అంటే అమ్మ, పెద్ద ఆడవాళ్ళని అలా పిలుస్తారు) దగ్గర మీరు పెట్టిన బాకీ న్జోంబె చేరడానికి పెద్దగా సమయం పట్టదు.

ఆడవాళ్ళు చాలామంది "మ్చెజో" వేస్తారు, అచ్చం మన చీటీ. ఇంకా వికోబా సంఘాలుంటాయి, మన డ్వాక్రా గుర్తొస్తుంది: వారం వారం కూర్చుని వాటాలు కడతారు, అందులోంచే అప్పులిస్తారు. మీరు వీటిలో చేరి ఉంటే, ముఖ్యంగా చీటీ ముందే ఎత్తేసి ఉంటే, మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టేసి నలుగురి ముందూ లెక్క చెప్పి రండి. విదేశీయులు కదా, అడగరు. అడగరు కాబట్టే చెయ్యాలి.

స్కూల్లో అప్పగింతలు రాతలో పెట్టండి. ఏ పాఠం ఎక్కడిదాకా వచ్చింది, అల్మారా తాళం ఎవరికిచ్చారు, ప్రొజెక్టరు ఎవరి దగ్గరుంది. రెండు కాపీలు, సంతకం, మొహరు. మొహరుని ఇక్కడ "ముహురి" అంటారు. అది పడని కాగితం కాగితమే కాదు.

వీడ్కోలు చెప్పడానికి ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి. పొద్దున్నే బస్సెక్కి మాయమైపోతే చాలా చిన్నబుచ్చుకుంటారు. నేను బయల్దేరే ముందు సాయంత్రం పక్కింటి మామ జతగా కట్టుకునే కంగా గుడ్డ ఒకటి ఇచ్చింది. కంగా అంచు దగ్గర ఎప్పుడూ ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది, ఇచ్చేవాళ్ళు అది చూసే కొంటారు. నా దాని మీద "వేమ హౌఓజి" అని ఉంది. మంచితనం కుళ్ళిపోదు అని. మనం కూడా ఊరికే చేతులూపి రాకూడదు. పంచదార పొట్లం, టీ పొడి, సబ్బులు ఇచ్చినా సంతోషిస్తారు.

4. ప్రయాణం, టైము గొడవ

ఇక్కడి భాష స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్క. మనకి పొద్దున్న ఏడు అంటే వాళ్ళకి "సా మోజ", అంటే ఒంటిగంట. మన పంచాంగంలోనూ రోజు సూర్యోదయంతోనే మొదలవుతుంది కాబట్టి తర్కం అర్థమవుతుంది, బస్సు మాత్రం తప్పిపోతుంది. కొత్తలో ఫోనులో "సా మోజ" అని విని మధ్యాహ్నం పన్నెండున్నరకి స్టాండుకి వెళ్ళాను. బస్సు పొద్దున్న ఏడింటికే పోయింది. ఎవరు ఏ టైము చెప్పినా ఆరు గంటలు కలిపి, "పొద్దున్నా, సాయంత్రమా" అని మళ్ళీ అడగండి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు వేరే లెక్క, టాంజానియా మనకన్నా రెండున్నర గంటలు వెనక.

మొరొగోరో నుంచి దక్షిణానికి వెళ్ళే దారి మికుమి నేషనల్ పార్కు మధ్యలోంచే పోతుంది. కిటికీ పక్క సీటు దొరికితే జిరాఫీలు, అదృష్టముంటే ఏనుగులు. తర్వాత కితోంగా ఘాటు, ఇరింగ, మకంబాకో, అక్కడినుంచి న్జోంబె. రోజంతా పడుతుంది. వర్షాలు మొదలయ్యాక పల్లె రోడ్లు బురదైపోతాయి, ఈ కొండ ప్రాంతంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలే. వీలైతే అంతకుముందే చేరుకోండి. రాత్రిపూట బోదబోద, అంటే బైకు ట్యాక్సీ, ఎక్కొద్దు. హెల్మెట్ లేకుండా పగలు కూడా వద్దు.

ప్లాస్టిక్ సంచుల్లో సామాను సర్దకండి, 2019 జూన్ 1 నుంచి నిషేధం ఉంది. గోనెసంచులు, గుడ్డసంచులు మేలు. పాస్‌పోర్టు, వాలంటీర్లకిచ్చే క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్, ఎల్లో ఫీవర్ కార్డు ఒంటిమీదే ఉంచుకోండి. ఆ టీకా ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, కార్డు పోగొట్టుకుంటే మాత్రం తిప్పలు. హైదరాబాద్ వాళ్ళు నారాయణగూడ ఐపీఎంలో వేయించుకుని ఉంటారు, ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపి ఉంచండి. ఊరు మారిన సంగతి ఇమిగ్రేషన్‌కి మీ సంస్థ చేతే చెప్పించండి. దారెస్సలాంలోని భారత హైకమిషన్‌కి కొత్త చిరునామా మీరే ఒక మెయిల్ పెట్టండి.

5. పై నుంచి కిందికి పరిచయం చేయించుకోండి

ఇక్కడ నేరుగా పల్లెకి వెళ్ళి "నేను వచ్చాను" అంటే కుదరదు. ముందు జిల్లా ఆఫీసులో ఉత్తరం, అక్కడినుంచి కాటాకి, అంటే మన మండలం కన్నా చిన్నది, ఆ తర్వాత పల్లె ఆఫీసులో మ్తెందాజికి. మ్తెందాజి ప్రభుత్వం వేసిన ఉద్యోగి, మన పంచాయతీ కార్యదర్శి అనుకోండి. మ్వెన్యెకితి ఊరివాళ్ళు ఎన్నుకున్న అధ్యక్షుడు, సర్పంచ్ లాంటివాడు. ఇద్దరినీ కలవాలి. ఒకరిని కలిసి ఒకరిని ఎందుకు వదిలెయ్యకూడదో మన ఊళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ప్రతి ఆఫీసులోనూ సందర్శకుల పుస్తకం ఉంటుంది. దాంట్లో సంతకం పెట్టకుండా ఏ మాటా మొదలుపెట్టొద్దు. మ్వెన్యెకితిని అడిగి, వచ్చే గ్రామసభలో మీ పేరు చెప్పించుకోండి. ఆదివారం చర్చిలో కూడా. న్జోంబె వైపు లూథరన్లు, కేథలిక్కులు ఎక్కువ, ప్రార్థన అయ్యాక కొత్తవాళ్ళని నిలబెట్టి పరిచయం చేస్తారు. మీ మతం ఏదైనా ఫర్వాలేదు, వెళ్ళి నిలబడి రెండు ముక్కలు మాట్లాడి రండి. ఊరంతటికీ ఒకే పూట తెలిసిపోతుంది.

6. మొదటి నెల పని చెయ్యకండి, కనబడండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇది గుర్తుంచుకోమంటాను. మనవాళ్ళకి దిగీ దిగగానే పనిలో పడిపోవాలనే ఆత్రం. విద్యా సంవత్సరం చివర్లో వెళ్ళడం వల్ల నాకు నెలన్నర పెద్దగా పని లేదు. దరిద్రం అనుకున్నాను, అదే కలిసొచ్చింది.

రోజూ ఒకే వేళకి, ఒకే దారిన నడవండి. కనిపించిన ప్రతి పెద్దవాళ్ళకీ "షికమో" అనండి, వాళ్ళు "మరహబ" అంటారు. షికమో అంటే మీ పాదాలు పట్టుకుంటున్నాను అని అర్థం చెబుతారు, మన పాదాభివందనమే, వంగక్కర్లేదు. కొండల్లో హెహె, బెన అనే స్థానిక భాషలు మాట్లాడేవాళ్ళు "కమ్వేనే" అంటారు. స్వాహిలీలో ఎంత చక్కగా మాట్లాడినా రాని నవ్వు ఆ ఒక్క మాటకి వస్తుంది. తర్వాత వరస ప్రశ్నలు: పొద్దు ఎలా గడిచింది, ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, పనెలా ఉంది. అన్నిటికీ జవాబు "న్జూరి", బాగుంది. ఇంట్లో జ్వరంతో ఎవరో మూలుగుతున్నా ముందు న్జూరి, కష్టం తర్వాత. మధ్యలో తెంపేసి విషయంలోకి దిగితే పొగరనుకుంటారు. ఎదుటివాళ్ళ చేతిలో పనో, బరువో ఉంటే "పోలె" అనండి. ఆ మాటకి తెలుగులో సరైన మాట లేదు, "అయ్యో పాపం"లోంచి జాలి తీసేస్తే మిగిలేదేదో అది.

ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయట ఆగి "హోది" అని పిలవాలి. "కరిబు" అని వినబడితేనే లోపలికి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వెనక్కి వచ్చెయ్యాలి. వాళ్ళు తింటూ ఉంటే తప్పకుండా కరిబు అంటారు. మొదటి నెలలో కాదనకండి, చెయ్యి కడుక్కుని ఒక ముద్ద తినండి. కుడిచేత్తో ముద్ద కలిపి తినడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళు అది చూసి ఆశ్చర్యపోతారు. తెల్లవాళ్ళకి లేని ఒక చిన్న వసతి ఇది.

అదే మనకున్న ఒక చిక్కు కూడా చెప్పాలి. మీరు ఎక్కడికెళ్ళినా "మ్హిందీ" అంటారు, భారతీయులని. ఇక్కడ భారతీయులంటే తరాలుగా పట్నాల్లో దుకాణాలు నడిపిన గుజరాతీ కుటుంబాలే జనానికి తెలుసు. దుకాణాన్ని వాళ్ళు "దూక" అనడంలోనే ఆ కథంతా ఉంది. అందుకే "మీ దూక ఎక్కడ?" అని నన్ను కనీసం ఇరవైమంది అడిగారు. జీతం లేకుండా లెక్కలు చెప్పడానికి వచ్చానంటే నమ్మలేదు. విసుక్కోకండి. నవ్వుతూ ప్రతిసారీ చెప్పండి. బేరం ఆడేటప్పుడు మాత్రం మరీ గట్టిగా ఆడకండి, పాత ముద్ర ఇంకా గట్టిపడుతుంది.

ఊళ్ళో ఎవరైనా పోతే, అంటే "మ్సిబా" అయితే, పరిచయం లేకపోయినా వెళ్ళండి. ఆడవాళ్ళు లోపల చాపల మీద, మగవాళ్ళు బయట నెగడు దగ్గర కూర్చుంటారు. మాట్లాడక్కర్లేదు. పుస్తకంలో పేరు రాసి, తోచినంత రాంబిరాంబి, అంటే పరామర్శ డబ్బు, ఇచ్చి ఒక గంట కూర్చోండి. నేను వెళ్ళిన రెండో వారంలో ఒక ముసలాయన పోయాడు. ఆ గంట కూర్చున్న తర్వాతి రోజు నుంచి ఊళ్ళో పిల్లలు నన్ను మ్హిందీ అనడం మానేసి "మ్వలిము", టీచరు, అనడం మొదలుపెట్టారు.

7. వంటిల్లు కుదిరితే మనసు కుదురుతుంది

కొత్త ఊళ్ళో దిగులు ముందు నాలుక మీద తెలుస్తుంది. టాంజానియా తెలుగువాళ్ళకి ఈ విషయంలో దయగల దేశం. సంతలో పేర్లు తెలుసుకుంటే చాలు. మ్చిచ అంటే తోటకూర, బామియా బెండకాయ, ఉక్వాజు చింతపండు, ఉలెజి రాగులు, చొరొకో పెసలు, కుందె అలసందలు. మ్బాజి అంటే కందులు. ఇక్కడ పండించి మన దేశానికి పంపుతారు, ఇక్కడివాళ్ళు పప్పు చెయ్యకుండా గింజలే కొబ్బరిపాలలో ఉడికించుకుంటారు. ఉగాలి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే రాయలసీమవాళ్ళకి సంకటి గుర్తొస్తుంది, మొక్కజొన్న సంకటి అనుకోండి. ఉలెజితో కాచే ఉజి అచ్చంగా రాగి జావ.

ప్రెషర్ కుక్కర్ మాత్రం వదిలి వెళ్ళొద్దు. రెండు వేల మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందులు మధ్యాహ్నం పెడితే రాత్రికి కూడా పలుకే. నా కుక్కర్ మొదటి కూత వేసినప్పుడు పక్కింటి మామ నీళ్ళ బిందె అక్కడే పడేసి పరిగెత్తింది. మరునాడు ఆమే తన బీన్స్ గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర "హోది" అంది.

ఆ వైపు వెదురు బొంగుల్లోంచి తీసే ఉలాంజి అనే కల్లు ఉంటుంది. మన తాటికల్లులాగే పొద్దున తియ్యగా, సాయంత్రానికి ఘాటుగా. తాగాలా వద్దా మీ ఇష్టం, టీచర్లు బజార్లో తాగడం బాగుండదు.

డబ్బు సంగతి ఒక్క మాట. ఎం-పెసా ఇక్కడ 2008 నుంచి ఉంది, బ్యాంకు ఖాతా లేకపోయినా ఫోనులోనే డబ్బు. కానీ పల్లెలో వకాల, అంటే ఏజెంటు, దగ్గర ఒక్కోసారి నోట్లే ఉండవు. సంతరోజు సాయంత్రం వెళ్తే దొరుకుతాయి. నెలకి సరిపడా కొంత నగదు ఇంట్లో ఉంచుకోండి.

జ్వరమొస్తే ఆ ఊరి జహనాతికి, అంటే చిన్న ఆస్పత్రికి, వెళ్ళి వేలి చుక్కతో మలేరియా పరీక్ష చేయించుకోండి. ఎత్తు ప్రదేశాల్లో మలేరియా తక్కువ, కానీ మీరు కిందినుంచి వచ్చినవాళ్ళు. "చలికి వచ్చిందేలే" అని పడుకోవద్దు.

8. పని ఎప్పుడు మొదలైనట్టు?

స్వాహిలీలో ఒక సామెత ఉంది: "మ్గేని సికు మ్బిలి, సికు య తాతు మ్పే జెంబే." అతిథి రెండు రోజులు, మూడో రోజు చేతికి జెంబే ఇవ్వు. జెంబే అంటే వాళ్ళు పొలం తవ్వే పొడవు పిడి పార. విదేశీ అతిథులకి మాత్రం ఎన్ని రోజులైనా ఎవరూ ఇవ్వరు. కుర్చీ వేస్తారు, సోడా తెప్పిస్తారు, ఎండలో నిలబడనివ్వరు. ఆ కుర్చీలో ఉన్నంతకాలం మీరు ఆ ఊరివాళ్ళు కారు, మీ పాఠం కూడా మర్యాదకే వింటారు.

మూడో వారంలో నేనే అడిగాను. కుక్కర్‌కి భయపడిన మామ దుక్కికి వెళ్తుంటే వెనకాలే వెళ్ళి "నావోంబ జెంబే" అన్నాను. నవ్వింది, ఇచ్చింది. ఒక సాలు తవ్వేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. నేను తవ్విన సాలు వంకరగా వచ్చిందని ఆమె మళ్ళీ మొదటినుంచి తవ్వింది. జనవరిలో స్కూలు తెరిచినప్పుడు ఆమె కూతురు ఫారం వన్‌లో మొదటి బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద గీసిన గీతని చూసి "మ్వలిము, అది కూడా వంకరే" అంది.